వీధికంతా తెలిసిన పరీక్ష

జూన్ 29

కంప్యూటర్ల భద్రత మీద పెట్టే సీఐఎస్ఎస్‌పీ పరీక్ష మళ్లీ రాస్తున్నాను. పోయినసారి ఫెయిలైతే ఆఫీసులో అందరూ ఓదార్చారు. ఆ ఓదార్పు ఫెయిల్ కన్నా ఘోరం. అందుకే ఈసారి ఇద్దరికే తెలుసు, మా ఆయన భానుచందర్‌కు, అత్తమ్మకు. ఎవరికీ చెప్పకూడదని మాట తీసుకున్నాను. ఇది కూడా పోతే ఇంకోసారి రాసే ఓపిక నాకు లేదు.

జూలై 6

రిస్క్ మేనేజ్‌మెంట్ బుర్రకెక్కడం లేదు. ఏదైనా ముప్పు వస్తే ఏం చేస్తావని అడిగితే, మాక్ టెస్టులో ప్రతిసారీ సర్వర్ దగ్గరికి పరుగెత్తే జవాబే పెడుతున్నాను. పరీక్ష పెట్టేవాళ్లకు కావాల్సింది ముందు ఆగి ఆలోచించే జవాబు. ఆగడం నా ఒంట్లోనే లేదు.

వంటింట్లోకి రావద్దని అత్తమ్మ ఆర్డర్. జర మంచిగ చదువుకో బిడ్డా, కూరల సంగతి నేను జూస్కుంట అంది. నేను టెస్టు రాస్తుంటే పక్కనే కూర్చుని చప్పుడు కాకుండా చిక్కుడుకాయలు గిల్లుతుంది. ఇంత సుఖం పుట్టింట్లో కూడా ఎరగను. ఎదురుగా చెప్పాలంటే సిగ్గు, ఇక్కడ రాసుకుంటున్నాను.

జూలై 13

కొంప మునిగింది. మా వీధి కిరాణా వెంకట్రాజం మామ పప్పు పొట్లం చేతికిస్తూ, పరీక్ష ఇరవై నాలుగు తారీకేనట గద బిడ్డా, హైదరాబాద్‌కు పొద్దుగాల రైలుకే పోతానవా అని అడిగాడు. పక్కనున్నావిడ ఆల్ ది బెస్ట్ చెప్పింది. ఆమె ఎవరో కూడా నాకు తెలియదు!

ఇంటికొచ్చి అత్తమ్మను కడిగిపారేశాను. నేను చదివేదే రహస్యాలు కాపాడే చదువు, నా రహస్యం మాత్రం ఇంట్లో నిలవదు అన్నాను. నేనొక్కదాన్నే మొక్కుడెందుకు, నలుగురు మొక్కితే మంచిదని చెప్పిన బిడ్డా అంది. ఇకనుంచి నా సంగతి ఒక్క ముక్క బయట అనొద్దన్నాను. సరే అంది.

జూలై 14

అత్తమ్మ చిక్కుడుకాయలు వంటింట్లోనే గిల్లుకుంటోంది.

జూలై 24, ఉదయం

వ్యాన్‌లో రాస్తున్నాను. అక్షరాలు ఎగురుతున్నాయి.

రాత్రంతా వాన. ఆయన నన్ను కాజీపేట స్టేషన్లో దింపి డ్యూటీకి వెళ్లాక తెలిసింది, పట్టాల మీద నీళ్లొచ్చి రైళ్లన్నీ ఆగిపోయాయని. బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో పరీక్ష సెంటర్ దగ్గర లేకపోతే లోపలికి రానివ్వరు. ఏడుపు ఆపుకుని నిలబడితే వెంకట్రాజం మామ సరుకుల వ్యాన్ వచ్చి నా ముందు ఆగింది. రైళ్లు బందైనయని టీవీల జూసిన, నువ్వే యాదికొచ్చినవ్, ఎక్కు బిడ్డా అన్నాడు. షాపు కూడా తెరవలేదట. మీ అత్త చెప్పకపోతే నాకెట్ల ఎరుకైతుండె అని నవ్వాడు.

కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అత్తమ్మ మొదట ఇచ్చిన మాట నిలబెట్టుకుని ఉంటే నేనింకా ఆ వానలోనే ఉండేదాన్ని.

సాయంత్రం

పాస్! మామ సరుకు వేసుకుని ముందే వెళ్లిపోయాడు. బస్సులోంచి మా ఆయనకూ అత్తమ్మకూ ఫోన్ చేశాను. మామకు మాత్రం ఎదురుగా నిలబడి చెప్పాలి.

జూలై 25

షాపుకు వెళ్తే అందరూ నా మొహం వైపు జాలిగా చూశారు. మీ అత్తనడిగితే నాకు తెల్వదన్నది బిడ్డా, పోయిందేమో అనుకున్నం అన్నాడు మామ.

వెనక్కి తిరిగి ఇంటికి పరుగెత్తాను. తప్పు నాదే అత్తమ్మా, నేను పాసైన సంగతి వీధికి నువ్వే చెప్పాలి అన్నాను.

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లింది.