తాళం వేసిన ఉత్తరం

పలివెల,
18-6-2005, శనివారం.

చిరంజీవి వెంకటదుర్గకు మీ అమ్మ సత్యనారాయణమ్మ కొప్పులింగేశ్వరస్వామిని తలుచుకుని, దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావో తెలియక అన్నం సయించడం లేదు. కాలి వాపు తగ్గిందా? అన్ని మెట్లు కడుగుతుంటే ఎలా తగ్గుతుందిలే.

సెలవు అయిపోయి, మీ పక్కింట్లో పనిచేసే కాంతం ఇవాళే కువైట్ బయలుదేరుతోంది. పోస్టులో వేస్తే మీ యజమాని విప్పుతాడని దీన్ని తన చేతికే ఇస్తున్నాను. జాకెట్లో దాచుకుంటానంది. ఆవకాయ కూడా ఇచ్చాను. దారిలో నూనె కారుతుందేమోనని అదొక భయం.

నీ ఈమెయిల్ వచ్చి పది రోజులైంది. కొత్తపేటలో మోహన్ కంప్యూటర్ షాపుకి వెళితే, ఎప్పటిలాగే కాయితం తీసి చదవబోయి ఆగిపోయాడు. ఇదేం భాషండీ మామ్మగారూ, మీ అమ్మాయి అరబ్బీ నేర్చేసుకుందేటండీ అని నవ్వాడు. కాయితం నిండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చీమల బారులా ఉన్నాయి. ఒక్క ముక్కకీ అర్థం లేదట. తర్వాత పరీక్షగా చూసి, ఇది తాళం వేసిన ఉత్తరమండి, తెరిచే మాట చెప్పండి, కొట్టేస్తే విడిపోద్దండి అన్నాడు.

మీ ఇంట్లో ముసలమ్మను చూసే మలయాళం నర్సమ్మ ఫోనులోంచి, రోజు ఖాయమయ్యాక ఆవిడ చేత తాళం వేయించి పంపుతానంటూ నువ్వు చెప్పిన ఆ మాట నాకు గుర్తుంది. రోజూ స్నానం చేసేటప్పుడు లోపల్లోపల అనుకుంటున్నాను. ఇక్కడ రాయను.

కానీ తల్లీ, నేను చదివింది రెండో తరగతి. తెలుగే కూడబలుక్కుంటాను. నేనే కొడతానంటే మోహన్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఏ మీట ఏ అక్షరమో తెలిస్తే కదా. ఒక్కోటీ అడగండి, చూపిస్తానండి అంటాడు. అడిగితే మాట అతనికి తెలిసిపోతుంది. అతనెవరు, నిన్ను పంపిన ఏజెంటు గంగరాజు గారి అల్లుడే కదా. పోనీ రావులపాలెం వెళ్దామా అంటే అక్కడా ఎవరో ఒకరికి చెప్పాలి. చెప్పకుండా తెరవలేను. తెరవకపోతే, నువ్వు ఆ ఇంట్లోంచి ఏ రోజు బయటపడి ఎంబసీకి వెళ్తావో తెలీదు. కాయితం బియ్యం డబ్బాలో పెట్టి, రోజుకి నాలుగుసార్లు తీసి చూసుకుంటున్నాను. చూస్తే ఏమొస్తుంది.

పోయినసారి శుక్రవారం వెళ్తానని తాళం లేకుండా రాశావు. గురువారమే వాళ్లు నిన్ను గదిలో పెట్టి ఫోను లాక్కున్నారు. ఆ ఉత్తరం చదివి మోహనే మామగారికి చేరవేశాడని నువ్వు తిట్టావు.

ఏం చెయ్యమంటావో కాంతంతో చెప్పు. వేళకి తిను.

ఇట్లు,
నీ బెంగతోనే తెల్లారుతున్న
మీ అమ్మ.

తా.క. కాంతం గుమ్మంలో నిలబడి ఉంది, అయినా ఇది రాయకుండా ఇవ్వలేను. పోయినసారి చెప్పింది మోహన్ కాదు, నేను. ఒక్కదానివీ ఆ రోడ్ల మీద ఏమైపోతావోనని గాభరా పట్టలేక, గంగరాజు గారి భార్య భవానీదేవి గారి చేతులు పట్టుకున్నాను. శుక్రవారం మా అమ్మాయి బయటికొచ్చేస్తుందండి, అక్కడ మనవాళ్లెవరైనా ఉంటే కాస్త కనిపెట్టి ఉండమనండి అని బతిమాలాను. ఆయ్, అలాగేనండి, మా ఆయనకి నేను చెబుతాను కదండీ అన్నారు. చెప్పారు. నిన్న మళ్లీ వచ్చి, దుర్గ ఏమైనా రాసిందా అండీ అంటూ పక్కనే కూర్చున్నారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. దగ్గు తెచ్చుకుని లేచిపోయాను. రేపు కూడా ఆగుతానని నాకు నమ్మకం లేదు. రోజు మార్చుకో. మాట కూడా మార్చెయ్యి. కొత్తది నాకు చెప్పకు.