పదికి తొమ్మిది

నాన్నగారికి మీ పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేను, ఆయన, పాప ఒంట్లో బాగానే ఉన్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందని రాశారు, మనసు కుదుటపడింది.

గిడ్డంగి గేటు దగ్గర కాపలాకి మీకు కొత్త కుర్చీ వేశారని, దానికి ఒక కాలు పొట్టి అని రాశారు. ఆ కాలు సరిచేయడానికి కూడా మీరు ఉలి పట్టలేదని అమ్మ చివర్లో ఒక ముక్క చేర్చింది. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను.

పాప తన ఉత్తరంలో రాసిన స్కేలు గుణకం ఏమిటో అర్థం కాలేదన్నారు కదా, చెప్తాను. కాగితం మీద ఒక చుక్క పెట్టి, పక్కన త్రిభుజం గీయండి. చుక్క నుంచి మూడు మూలలకీ గీతలు లాగండి. ఒక్కో గీతని మళ్ళీ అంత పొడవూ ముందుకి సాగదీసి, చివరలు కలపండి. రెండింతల త్రిభుజం వస్తుంది. గుణకం రెండన్నమాట. గీతల్ని మధ్యలోనే ఆపితే సగం త్రిభుజం, గుణకం అర. భుజాలన్నీ ఒకే లెక్కన పెరుగుతాయి, తగ్గుతాయి. మూలల కోణాలు మాత్రం ఇసుమంతైనా మారవు. విడిగా చూస్తే ఏది అసలుదో ఎవరూ పట్టలేరు.

ఇది నేర్పుతుంటే పాప అడిగింది: "అమ్మా, కొలతలన్నీ తప్పినా ఆకారం ఇంత బాగుంటే, తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది?"

నాన్నా, ఆరేళ్ళ కిందటి గ్రంథాలయం హాలు సంగతి. పదకొండు వంపు కిటికీలు. తాపీమేస్త్రి గోడలో ఖాళీలు సరిగ్గానే వదిలాడు. అద్దాలవాడూ సరిగ్గానే కోశాడు. మీరు కోసిన చెక్క చట్రాలే అన్నీ చిన్నవై, బెత్తెడు సందు మిగిలింది. "దారంకన్ను మేస్త్రికి చత్వారం వచ్చినట్టుంది" అని, దారమంత తేడా కూడా పట్టేస్తారని ఊరు మీకు పెట్టిన పేరుతోనే మా ఆఫీసు ఇంజినీరు నలుగురిలో నవ్వారు. మీరు ఇంటికొచ్చి, "ఒకటి తప్పితే చెయ్యి జారిందనుకుంటామమ్మా. పదకొండూ తప్పాయంటే కన్నే పోయినట్టు" అన్నారు. ఆ పూటే పనిముట్లకి నూనె రాసి, గోనెలో చుట్టేశారు.

మీ కన్ను పోలేదు నాన్నా. ఆ తప్పు నాది.

డ్రాయింగులు గీసే పనిలో చేరి అప్పటికి నెల. మిగతావాళ్ళకి అసలు బొమ్మే వెళ్ళింది. మీకు పంపాల్సిన బొమ్మ చిన్న కాగితంలో పట్టలేదు. నూటికి తొంభై వంతుకి కుదించి జిరాక్స్ తీశాను. మూలన రాసిన 'ఒకటికి పది' అన్న కొలమానం మార్చకుండా అలాగే ఉండిపోయింది. విడిగా కొలతల అంకెలు వేయలేదు. మీరు దాని మీదే స్కేలు పెట్టి, పదింతలు చేసి కోశారు. నూట ఇరవై సెంటీమీటర్ల వెడల్పు నూట ఎనిమిదైంది. కన్ను తప్పితే ఒకచోట వేలెడు, ఇంకోచోట రెండు వేళ్ళు తేడా వస్తుంది. మీ చట్రాలు అడ్డం, నిలువు, వంపు అన్నీ పదికి తొమ్మిది చొప్పున, ఒక్క పిసరు అటూ ఇటూ కాకుండా తగ్గాయి. అంత కచ్చితంగా కోసిన చెయ్యి మీది.

ఆ సాయంత్రమే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. తెలిసిపోయింది. ఉద్యోగం ఊడుతుందని నోరు కుట్టేసుకున్నాను. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఆరేళ్ళు గడిపేశాను.

మొన్న సోమవారం ఇంజినీరు గారికి చెప్పాను. ఆయన రెండు కాగితాల్నీ చాలాసేపు కొలిచారు. "నలుగురిలో నవ్వినవాణ్ణి నేను. నేనూ వస్తాను, పద" అన్నారు. ఆదివారం పొద్దున్నే వస్తున్నాం. ఆ కాగితాలు ఇందులోనే పెట్టాను. నా మాట మీద నమ్మకండి, మీరే కొలుచుకోండి.

నన్ను లోపలికి రానివ్వకపోయినా సరే, ఇంజినీరు గారి మాట మాత్రం వినండి. నేను గుమ్మం బయట నిల్చుంటాను.

ఇట్లు,
తన తప్పుని ఆరేళ్ళు మీ చేత మోయించిన
మీ పెద్దమ్మాయి