తొందరకూ ఆలస్యానికీ మధ్య

గురువారం, బాగేపల్లి

ఇన్నేళ్ళ వకీలు పనిలో ఎవరూ చెప్పని పాఠం ఈరోజు చాకవేలు ఊరి లచ్చుమమ్మ చెప్పింది.

తనిఖీ రోజున ఇంట్లో లేనివాళ్ళ ఓటు తీసెయ్యమనే నిబంధన మీద ఆమె తరఫున రెండుసార్లు హైకోర్టుకు వెళ్ళాను. మొదటిసారి, ఇంకా ఎవరి ఓటూ పోలేదు కదా, తొందరపడ్డారన్నారు. పోయిన ఎన్నికలప్పుడు ఊళ్ళో ఓట్లు పోయాక వెళితే, ఎన్నికల ప్రకటన వచ్చేసింది, ఆలస్యమైందన్నారు. నేను ఫైలు కట్టేశాను. ఆమె కట్టెయ్యలేదు.

పొద్దున నేను తలుపు తీసేసరికే ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఈసారి నా పేరే తీసేసినారప్పా!" అంది, ఎంత సంబరంగానో. "నిన్న సాయంత్రం పంచాయితీ బోర్డుకు జాబితా అంటించినారు. ఎలక్షన్ ఇంకా చెప్పలేదు. తొందరకూ ఆలస్యానికీ మధ్య దినం ఇదే కదప్పా?"

"నీకెట్లా తెలిసిందమ్మా?"

"దినామూ టమాటా కోతకు పోతా ఆ బోర్డు చూసే పోతాంటి. నాకు చదివేకి రాదు. కొత్త కాగితం కనబడితే ఎవరితోనైనా చదివిస్తాంటి."

వకాలతు మీద వేలిముద్ర వేయించుకుని, బెంగళూరు హైకోర్టుకు వెళ్ళి సాయంత్రంలోగా పిటిషన్ వేశాను. విచారణ సోమవారం. ఆలోపే ఎన్నికల ప్రకటన వస్తే...

రేపు ప్రకటనలు అంటించే తాలూకా ఆఫీసు బోర్డు చూడాలి. రోజూ దాని ముందు నుంచే కోర్టుకు వెళతాను. ఒక్కసారీ ఆగలేదు.