అమ్మమ్మ చెప్పిన సినిమా కథ

అమ్మా,

నువ్వు అమెరికాలో, ఈ బాతెల్ ఊళ్ళో మా దగ్గరున్న వేసవిలో, నాలుగేళ్ళ మిన్నుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూసిన జపాన్ బొమ్మల సినిమా గుర్తుందా? మాటలు జపనీస్, కింద అక్షరాలు ఇంగ్లీషు. నీకు రెండూ రావు. అయినా సినిమా అయ్యేదాకా దానికి తెలుగులో కథ చెబుతూనే ఉన్నావు.

ఇవాళ అదే సినిమా ఇక్కడి థియేటర్‌లో మళ్ళీ వేశారు. మిన్నుకిప్పుడు తొమ్మిదేళ్ళు. కింది అక్షరాలన్నీ తనే చదువుకుంది. ఇంటికి వస్తుంటే కారు వెనక సీట్లోంచి అంది:

"మమ్మీ, ఆ పాప వాళ్ళ మదర్ డై అయిపోయింది. అమ్మమ్మ ఏమో 'ఊరెళ్ళింది, వచ్చేస్తుంది' అని చెప్పింది. అమ్మమ్మకి ఇంగ్లీష్ రాదు కదా, అందుకే తెలీలేదా?"

ఫొటో ముందు అగరొత్తులు వెలిగించి అందరూ తలలు వంచుకుని కూర్చున్న సీను అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు. నీకు తెలిసే ఉంటుంది.

"తెలుసు నాన్నా. నువ్వు ఏడుస్తావని అలా చెప్పింది" అన్నాను.

మిన్ను మెల్లగా, "అమ్మమ్మ డై అయినప్పుడు నువ్వు కూడా నాకు ఊరెళ్ళింది అనే చెప్పావు" అంది.

కారు పక్కకి తీసి ఆపాను. అది బెల్టు విప్పుకుని, వెనకనుంచి నా మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఇప్పుడు ఏడవచ్చా, మమ్మీ?"

నువ్వు పోయి నాలుగేళ్ళు. నీకోసం మేమిద్దరం కలిసి ఏడవడం ఇదే మొదటిసారి.