ఉతుకుబండ నీళ్లు, ఇంటి మడి

నేను, కూరగాయలు పండించి సంతకు తోలి బతికినవాణ్ణి, వయసు డెబ్బై నాలుగు, ఈ వీలునామాను నా ఇష్టంతో, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, నా చేత్తో రాస్తున్నాను. బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. అయోమయంగా మాత్రం ఉందండీ అన్నాను. అది వేరు, ఇది వేరు, రాసుకోవచ్చు అన్నారు. నా చెయ్యి వణుకుతుంది. అక్షరం వంకర పోయినచోట అర్థం కూడా వంకర పోయిందని ఎవరూ పేచీ పెట్టరాదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడు, రిటైరైన పోస్టుమానుకు అప్పగిస్తున్నాను. ఊరందరి ఉత్తరాలు మోసి ఒక్కరి గుట్టూ బయటపెట్టనివాడు. పేకాటలో మాత్రం దొంగ. ఆ సంగతి దీనికి అడ్డం కాదు.

2. బస్సు డిపోలో టికెట్ల గదిలో పనిచేసే నా కూతురికి, వాళ్లమ్మ గుండ్రటద్దాన్నీ కుట్టుమిషన్నూ దఖలు పరుస్తున్నాను. అమ్మాయి కూడా వాళ్లమ్మలాగే ఎడమ చేత్తో తల దువ్వుకుంటుంది. వచ్చినప్పుడల్లా చూశాను. ఎప్పుడూ చెప్పలేదు.

3. నా బావమరిదికి ఏమీ లేదు. కారణం రాస్తున్నాను. నా భార్య పోయిన రోజు, వచ్చినవాళ్లందరి ముందూ నా మొహం మీద, “మా అక్కని నీ మందే తినేసింది బావా” అన్నాడు. ఆ మాట అన్యాయం. పురుగుమందు కొట్టింది నేను. వీపు మీద డబ్బా మోసింది నేను. ఆమె కొట్టే రోజు పొలం గట్టు కూడా ఎక్కేది కాదు. సంతకు పోయే కాయ నోట పెట్టలేదు. కూరగాయలు వేసేవాళ్లందరిలాగే మాకూ రెండు సాగులు. పొలంలోది అమ్మకానికి, ఇంటి వెనక మడిలోది మాకు. ఇంటి మడికి మందు చుక్క చూపించేవాళ్లం కాదు. నిగనిగలాడే వంకాయ సంతకు, పుచ్చు వంకాయ మా కూరకు. “పురుగు తిని బతికిందిగా, మనకేమవుతుంది” అని నవ్వుతూ కోసేది. కోతకు వారం ముందే మందు ఆపాలని మందు సీసా మీద రాసి ఉంటుందట. ధర పలికిన రోజున ఎవరు ఆగారు? కొన్నవాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు.

ఆమెకు రక్తంలో జబ్బు అన్నారు. ఈవిడ మందు కొట్టేదా అని పెద్దాసుపత్రిలో అడిగారు. లేదండీ అన్నాను. మందు కొట్టిన కూరలు తినేదా అన్నారు. లేదండీ, ఇంటివే అన్నాను. రాసుకున్నారు. కారణం చెప్పలేమన్నారు. మందులో తడిసి ముద్దయినవాణ్ణి చేతి వణుకుతో బయటపడ్డాను, ముట్టనిది పోయింది. ఇది నాకు ఏ మూల నుంచి చూసినా అర్థం కాలేదు. అర్థం కానివాణ్ణి పట్టుకుని బావమరిది అంత మాట అన్నాడు. అందుకని ఏమీ లేదు.

4. మందు కొట్టే డబ్బాను ఎవరికీ ఇవ్వడం లేదు. ఎవరూ కడిగి నీళ్లకు వాడకుండా అడుగున చిల్లు పొడవాలి. పురుగుమందుల కొట్టాయన బహుమతిగా ఇచ్చిన టోపీ తిరిగి ఆయనకే ఇవ్వాలి. “మొహానికి తువ్వాలు చుట్టుకో పెద్దాయనా, చాలు, ఏమీ కాదు” అనేవాడు. మూత తీసి చూపించేటప్పుడు తాను మాత్రం ఊపిరి బిగబట్టేవాడు.

5. ముప్పావు ఎకరం పొలాన్ని, దాని బోరుతో సహా, నా కొడుక్కి దఖలు పరుస్తున్నాను. వాడు సర్వహక్కులతో అనుభవించవలసినది. మందు కొట్టిన సాయంత్రం తల పట్టుకుని వాంతులు చేసుకుంటాడు. ఎండదెబ్బ అంటాడు. మబ్బు పట్టిన రోజు కూడా ఎండదెబ్బే అంటాడు. నేనూ అలాగే అనేవాణ్ణి.

6. ఇల్లు, ఇంటి మడి నా కొడుక్కీ కోడలికీ ఉమ్మడిగా. హద్దులు, నీటి వసతి రాయకపోతే చెల్లదని పోస్టుమాను అన్నాడు కనుక రాస్తున్నాను. ఇంటి మడికి తూర్పున పక్కింటి మేస్త్రీ గోడ. పడమర పశువుల పాక. ఉత్తరాన వంటగది. దక్షిణాన ఉతుకుబండ, తొట్టి. నీటి వసతి: బట్టలు ఉతికిన నీళ్లు వృథా పోకుండా, నా భార్య తన చేత్తో తీసిన పిల్లకాలువ గుండా తొట్టి నుంచి ఇంటి మడికి పారును.

ఇక్కడ కలం ఆపాను. టీ తాగాను. మళ్లీ చదివాను.

ఆ తొట్టిలో నానేవి నా బట్టలే. మందు కొట్టి వచ్చి విప్పేసేవాణ్ణి. చొక్కా అట్టకట్టి ఉండేది. ఆమె ఉత్త చేతులతో నానబెట్టి, బండ మీద బాది, పిండేది. నీళ్లు తెల్లగా వచ్చేవి. సబ్బు అనుకున్నాం. సబ్బు కూడా ఉంది అందులో. ఒక్కొక్కసారి ఇంటి మడిలో పుచ్చు తగ్గేది. “చూశావా, ఈసారి పురుగు మొహమాటపడింది” అని నాకు తెచ్చి చూపించేది. ఇద్దరం సంతోషించాం.

ఇదంతా ఇన్నేళ్లూ నా కళ్ల ముందే ఉంది. హద్దులు రాయమంటే గాని కనపడలేదు. మరి అదే మడిలోది నేనూ తిన్నాను కదా. పిల్లలూ తిన్నారు కదా. నాకు ఒకటి అనుకుంటే ఇంకొకటి అడ్డం వస్తోంది.

7. మర్నాడు డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ఈ ఆరో అంశం చదివి వినిపించాను. “అదే కారణమని చెప్పలేను పెద్దాయనా, కాదనీ చెప్పలేను. ఇప్పుడెవరు ఉతుకుతున్నారు?” అన్నారు. ఆ మాట మీదే లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి కోడలు తొట్టి దగ్గర ఉంది. ఆరో నెల. నా కొడుకు మందు చొక్కా మోచేతుల దాకా ముంచి ఉతుకుతోంది. నేను అక్కడే నిలబడ్డాను. “జరగండి మామయ్యా, నీళ్లు పడతాయి. మీరు నిలబడితే చొక్కాలు వాటంతటవే శుభ్రమవుతాయా ఏమిటి?” అంది. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. నవ్వి పక్కకు జరిగాను. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్లతో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఈ కాగితమంత ఉండవు.

8. కనుక పై అంశాలను ఈ విధంగా మారుస్తున్నాను.

పొలం నా కొడుక్కే. కానీ షరతు. మందు బట్టలు ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. పాక వెనక విడిగా బకెట్టు పెట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, వాడే ఉతుక్కోవాలి. కోడలి చెయ్యి ఆ బట్టలకు తగిలినట్టు తెలిసిన రోజున పొలం మొత్తం కోడలి పేరున మారిపోవలెను. అసలు మందే మానేయగలడా అంటే నాకు తెలియదు. మానేసి ఎలా పండించాలో నేను వాడికి నేర్పలేదు, నాకు రాదు. బట్టల సంగతి మాత్రం నేను చెప్పగలను.

పిల్లకాలువ మూసేయాలి. ఇంటి మడిలో ఇప్పుడున్న కాపు పీకి పారేయాలి. కోడలు బాధపడుతుంది, వంగ మొక్కలు తనే పెట్టింది. అయినా పీకాలి.

మూడో అంశం కొట్టివేస్తున్నాను. వసారాలో నా భార్య కూర్చునే కుర్చీ బావమరిదికి చెందును. అతను అన్నది నిజమని నేను ఒప్పుకోవడం లేదు. అబద్ధమని అనడానికి మాత్రం నోరు రావడం లేదు. వచ్చి ఆ కుర్చీలో కూర్చోవలసినది. నేను పక్కన కింద కూర్చుంటాను.

9. వీలునామా మనిషి పోయాక చదువుతారని పోస్టుమాను అంటున్నాడు. నేను పోయేదాకా ఆగితే ఎన్ని చొక్కాలు ఉతుకుతుందో. కనుక దీన్ని ఈ ఆదివారమే, నేను బతికుండగానే, అందరినీ కూర్చోబెట్టి పోస్టుమాను పైకి చదవాలి. నన్ను మధ్యలో ఏమీ అడగరాదు. చదవడం అయ్యాక కోడలు ఒకసారి నా వైపు చూసి తల ఊపితే, అర్థమైందనుకుంటాను. ఆ తర్వాత నా ఆస్తి ఎవరు ఎలా పంచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

10. అప్పటిదాకా నానేసిన చొక్కాలు నేను ఉతుకుతాను. తొడుగులు కొన్నాను. వేళ్లు వణికి ఒక పట్టాన ఎక్కడం లేదు గాని, ఎక్కుతాయి.

తేదీ: 2024 జూన్ 11, మంగళవారం.

సంతకం: (వణికింది. అయినా నాదే. పక్కన వేలిముద్ర కూడా వేశాను.)

సాక్షులు:

కోడలిని నెలనెలా చూసే నర్సు: పెద్దాయన నా ముందే సంతకం చేశారు.

పక్కింటి మేస్త్రీ: పెద్దాయన నా ముందే సంతకం చేశారు. పిల్లకాలువ మూసేయమంటే సిమెంటు నిన్ననే పెట్టాను, ఇంకా పచ్చిగా ఉంది, ఎవరూ తొక్కవద్దు.