ఎవరిదీ కాని సర్వరు

పులివెందుల,
14 జూన్ 2003

వ్యాసా,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నందుకు పేరు పెట్టి పిలుస్తున్నాను. అంతకు మించి ఆశించకు.

ప్రొద్దుటూరులో మా కాలేజీ సర్వరు, పిల్లల మార్కులూ హాజరూ దాచే ఆ పెద్ద కంప్యూటరు, నా చేతుల్లో రెండేళ్లపాటు ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అందులో లినక్సు వేసింది నేనే. దాన్ని ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. నువ్వు అమ్మేది కంపెనీ సరుకు. లోపల ఏముందో కొన్నవాడికి కూడా చూపించరు. నాది నిలబడితే నీది అమ్ముడుపోదు. దానికి నాతో పోటీ పడి ఉంటే తప్పు పట్టేవాణ్ణి కాదు.

జమ్మలమడుగు కాలేజీలో పనిచేసే నూర్ అహ్మద్ అడిగితే లినక్సు సీడీ ఒకటి కాపీ చేసి ఇచ్చాను. ఆ కాలేజీ మా కరస్పాండెంటు ఎదుటి వర్గం వాళ్లదని తెలిసే ఇచ్చాను. సీడీకి కూడా పార్టీ ఉంటుందని మాత్రం తెలియలేదు. ఆ సంగతి నీ ఒక్కడికే చెప్పాను. నాలుగు రోజులకు నువ్వు మా కరస్పాండెంటు గదిలో కూర్చున్నావు. మర్నాడు మా ఇంటి ముందు ఆయన మనుషుల జీపు ఆగింది.

మా అమ్మ దీవెనమ్మ నీకు ఎన్నిసార్లు అన్నం పెట్టిందో గుర్తుందా? ఆమెను గుమ్మంలో నిలబెట్టి చెప్పారు: "ఈడ సరుకు ఆడికి మోసేటోడు మాకొద్దు. ఆదివారం లోపల ఊరిడిసి పొమ్మను." నా సర్వరును స్కూటర్ల షెడ్డులో పడేసి నీది పెట్టారు. ఇప్పుడు అమ్మా నేనూ సుందరక్క ఇంట్లో ఉన్నాం. అమ్మ ఇప్పటికీ ప్రార్థనలో నీ పేరు చెబుతోంది. నాకు ఆ మంచితనం లేదు. ఇక నా గడప తొక్కకు.

జీవరత్నం

ప్రొద్దుటూరు,
21 జూన్ 2003

రత్నం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి చించబోయాను. సీడీ సంగతి నేను చెప్పలేదు. తమ దగ్గర లినక్సు సర్వరు ఉందని జమ్మలమడుగు వాళ్లే కాలేజీ కరపత్రంలో గొప్పగా అచ్చేసుకున్నారు. నేను పోయేసరికి ఆ కరపత్రం మీ కరస్పాండెంటు బల్ల మీదుంది. ఆయన నన్ను పిలిపించి అడిగింది ఒకటే, ఈ లినక్సు ఎవరిదని. ఎవరిదీ కాదు, దేశదేశాల వాళ్లు కలిసి రాస్తున్నారని చెప్పాను. నువ్వు రోజూ చెప్పే మాటే.

"ఎవురిదీ కాందాన్ని నా కాలేజీలో పెట్టినాడా? రేపు అది తిరగబడితే నేను యాడికి పోయి ఎవుర్ని పట్టుకోవాల?" అన్నాడాయన.

మా కంపెనీకి ఆఫీసుంది, లైసెన్సు కాగితం ఉంది, ఫోన్ చేస్తే పలికే నేనున్నాను. ఆయనకు కావలసింది అదే, కాలరు పట్టుకోవడానికి ఒక మనిషి. నీ సర్వరు ఎంత బాగా నడిచిందో ఆయన అడగనే లేదు. ఇది ఎవరిదీ కాదు, ఎవరిదీ కాదని నువ్వు ఊరంతా మురిసిపోతూ చెప్పావు, ఎలాంటి ఊళ్లో ఉన్నావో మరిచిపోయి. అందుకు నీ మీద నాకింకా కోపమే.

అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం నీ మొహాన కొట్టినట్టు ముగించేవాణ్ణి. కాలేదు. లైసెన్సు కాగితాల మీద సంతకం పెట్టబోతూ ఆయన తలెత్తి, "మరి ఆ జీవరత్నం ఎవురి మనిషి?" అన్నాడు.

నా మనిషి అంటే సరిపోయేది. నువ్వు ఊళ్లోనే ఉండేవాడివి. కానీ సంతకం ఇంకా పడలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను కలం మూత తీసి ఆయన చేతికిచ్చాను.

వేదవ్యాస