దయ్యం సినిమాకు తోడు

సోమవారం, రాత్రి

మళ్లీ అదే రగడ. దయ్యం ఉంటే హారర్, హంతకుడు ఉంటే థ్రిల్లర్ అని ఓబులేసు టీ కొట్టు దగ్గర తేల్చేశాడు. అంతేనని నాకూ తెలుసు. ఒప్పుకుంటే లేచి ఇంటికి పోతాడని, కాదని వాదించాను.

“చూసేటప్పుడు భయమైతే థ్రిల్లరు. ఇంటికి పోయినాక భయమైతే హారరు” అన్నాను.

“యాడ నేర్చినావప్పా ఈ చదువు?”

“రాత్రికి ఇంటికి రా, ఫోన్లో ఒకటి పెట్టి చూపిస్తా. ఒక్కణ్ణే చూడాలంటే భయం.”

“నీకు భయమా? నిన్ను చూస్తే దయ్యాలే రాప్తాడు దాటి ఉరుకుతాయి!” అన్నాడు గానీ, వస్తానని చెప్పలేదు.

దయ్యాలంటే నాకేం భయం? నా భార్య రత్నమ్మ పోయాక ఈ ఇంట్లో ఒక దయ్యమున్నా మాటకు తోడయ్యేది.

ఇద్దరికీ సరిపడా శనక్కాయలు ఉడకబెట్టాను. మూడుసార్లు తలుపు తీసి చూశాను. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. వస్తాడా, రాడా అని ఎదురుచూడడం థ్రిల్లర్. రాకపోతే, ఈ గిన్నెడు శనక్కాయలూ నేనొక్కడినే ఒలుచుకుంటూ కూర్చోవడం...

తలుపు కొడుతున్నాడు.

“ఏమప్పా, శెనక్కాయల వాసన వీధంతా ఉండాది. తలుపు తీయి!”

వాడు చెప్పిందే సరైనదని ఈ పూట కూడా ఒప్పుకోకుండా వాదిస్తూ, వాణ్ణి కూర్చోబెట్టుకోవాలి.